ఇవాళ తలకి నూనె వద్దు

దుర్గా, నేను కళ్లానికి వెళ్తున్నా. మిరపకాయలు తిరగెయ్యాలి, కూలీలు వచ్చేశారు. అన్నం, దొండకాయ వేపుడు మూతపెట్టా, తిను. నువ్వు మాత్రం కళ్లం వైపు రాకు. నిన్న గుంటూరులో తలనిండా సూదులు గుచ్చారు కదా, ఆ పోట్ల మీద మిరప దుమ్ము పడితే ప్రాణం పోతుంది.

తలస్నానం చెయ్యకు. నాయనమ్మ మందారాకు వేసి నూనె కాచింది. రాస్తానంటే వద్దని చెప్పు, కసురుకోకు. నీ రక్తమే తీసి, మిషన్లో తిప్పి, నీ తలకే ఎక్కిస్తే జుట్టెలా వస్తుందని పొద్దున్నుంచి నన్ను అడుగుతోంది. నాకు మాత్రం ఏం తెలుసు?

నువ్వేమో బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్లి కూర్చున్నావు. నాకు బారెడు జడ ఉంది, నా రక్తం తీసుకోండని డాక్టరమ్మని అడిగానే! ఎవరి రక్తం వాళ్లకేనంది. ఇంకో రెండుసార్లు చేయించాక చూద్దామంది, జుట్టు వస్తుందని మాత్రం అనలేదు. నేనూ గట్టిగా అడగలేకపోయాను.

అమ్మ

అన్నట్టు, అద్దం మీద నువ్వు కప్పిన తువ్వాలు నేను తియ్యలేదు. బొట్టు తడుముకుని పెట్టుకున్నా. వంకరగా ఉందని కళ్లంలో నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ.