గడప బయట చేతొడుగులు

తమ్ముడూ రఘూ,

ఆ పొద్దున చలికి కిటికీ అద్దాలు చెమర్చాయి. నువ్వు కాఫీ కూడా తాగకుండా, పరిశోధన కోసం పెంచే విషపు సాలీళ్ళకు మేత వేయడానికి దేవుడి గదిలోకి వెళ్ళావు. ఢిల్లీ చలికి అవి బతకవని, అఖండదీపం వెచ్చదనానికి ఆ సీసాలు అక్కడే ఉంచేవాడివి. తోలు దేవుడి దగ్గరికి రాకూడదని చేతొడుగులు ఎప్పటిలాగే గడప బయట విడిచి, ఉత్త చేత్తో మూత తీశావు. ఆ కాటుకు మందు ఊరంతా వెతికినా దొరకలేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. మిగిలిన ఒక్క సాలీడునూ నీ కాలేజీకి ఇచ్చేద్దామంది నీ భార్య లలిత. మీ మీనా ఒప్పుకోక నా వైపు తిరిగింది.

"నాన్న పని నేను చేస్తా అత్తయ్యా. మైఁ సంభాల్ లూంగీ, అన్నీ నేను చూసుకుంటా."

"మీ నాన్నగారూ ఇదే అనేవారు," అంది లలిత, కూతురి వైపు చూడకుండా.

వెచ్చదనానికి దీపం బదులు బల్బు పెడదామంటే కరెంటును నమ్మలేం. నేను దీపంలో నూనె పోసి, దణ్ణం పెట్టుకుని, బయట మేకుకున్న నీ చేతొడుగులు తెచ్చి మీనా చేతికిచ్చాను. లలిత వారించలేదు.

సాయంత్రం ముగ్గురం కలిసి తేల్చుకున్నాం. సాలీడు దీపం దగ్గరే ఉంటుంది. మీనా మాత్రం చేతొడుగులతోనే ఆ గడప దాటాలి.