కుడివైపు ముక్కుపుడక

అవ్వా,

ఇవాళ నీ ముక్కుపుడక నా ముక్కుకు ఎక్కింది. నువ్వుంటే సిరొంచ బజారంతా చెప్పుకుంటూ తిరిగేదానివి.

ఇప్పపువ్వు ఏరుతుంటే ఎలుగుబంటి నా ముక్కు కుడివైపు చీల్చిన సంగతి, నాగపూర్ డాక్టరు నుదుటి చర్మం తెచ్చి అక్కడ అతికిన సంగతి నీకు తెలిసినవే. కట్టు విప్పిన రోజు నువ్వన్న మాట తలుచుకుని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది: "నుదురు దిగి ముక్కు మీదికొచ్చిందా? ఇగ బొట్టు గాడనే పెట్టుకో బిడ్డా!" బూరెలా ఉబ్బిన ఆ ముక్కుతోనే నిన్ను సాగనంపాను.

ఆ తర్వాత రెండోసారి ఆపరేషన్ చేసి ఉబ్బు తీశారు. ఇప్పుడు ముక్కు ముక్కులా ఉంది. కానీ అతికిన చోట ఎప్పటికీ కుట్టించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే బంగారప్పని చేసే మన అవుసులాయన ఎడమవైపు కుడతానన్నాడు.

"మనోళ్లు కుడిదిక్కే పెడ్తరు గదా. ఎడమదిక్కు పెడితే మరాఠోళ్ల పిల్ల అనుకుంటరు" అని అమ్మ పరేషాన్ అయింది.

"అనుకోనియ్ తల్లీ, జర మరాఠీల జవాబు చెప్తది" అంటూనే ఆయన సూది దించేశాడు. నా అరుపు ప్రాణహిత అవతలికి వినిపించే ఉంటుంది.

ఇంటికొచ్చాక మాత్రం బెంగపడ్డాను. నీలాగే కుడివైపు పెట్టుకుంటానని నీకు మాటిచ్చాను కదా. గోడ మీది నీ ఫోటో తీసి, అద్దం పక్కన పెట్టి, అద్దంలోని నా ముఖాన్నీ నీ ముఖాన్నీ కలిపి చూశాను.

అవ్వా, మనిద్దరి పుడకలూ ఒకే వైపున ఉన్నాయి.