హిజ్లీ జైల్లో తాత

ఆదివారం.

ఇంటి దగ్గరున్న పాత కట్టడం గురించి రాసుకురమ్మని బళ్ళో చెప్పారని, మా అమ్మాయి చిన్నిని, నాన్నను వెంటబెట్టుకుని హిజ్లీ పాత జైలుకి వెళ్ళాను. తెల్లవాళ్ళు స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన చోటు, ఇప్పుడది మ్యూజియం. మేముండే తాల్‌బగీచా నుంచి టోటో రిక్షాలో ఎంతో దూరం లేదు. అయినా రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళోనే ఉన్న నాన్న ఎన్నడూ లోపలికి వెళ్ళలేదు. ఈ రోజూ గేటు దగ్గర ఆగిపోయాడు.

"ఏటయినాది నాన్నా?"

"మీ తాత రైల్వేలో సేరకముందు ఇక్కడ వార్డరమ్మా. ఖైదీలకి తాళాలేసినాడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను. లోపల ఖైదీల ఫొటోలు చూస్తూ చిన్ని అడిగింది: "తాతా, వీళ్ళలో మనోళ్ళున్నారా?"

లేరని చెప్పబోయాను. నాన్న దాని భుజం మీద చెయ్యేశాడు.

"ఫొటోల్లో లేడమ్మా. మా నాన్న ఈ గదులకి కాపలా కాసినాడు. అదీ రాయి."

చిన్ని రాసింది. రేపు క్లాసులో చదువుతుంది. ఎవరేమంటారోనని నాకు భయంగానే ఉంది. దాన్ని వద్దనాలా?

భోజనాలయ్యాక నాన్న, "పేరు రాసినాదా?" అని అడిగాడు. లేదన్నాను. కళ్ళజోడు పెట్టుకుని, దాని పుస్తకంలో మా తాత పేరు తనే రాశాడు.