వంతెన అవతలి చెట్లు

పదకొండో తేదీ, బుధవారం

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, నా సైకిలూ, నా కోపమూ ముగ్గురం క్షేమం. నువ్వూ, బావగారూ, పాపా కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పాపకి సెలవులిస్తారనీ, నీ వీడియో గేమ్ క్యాసెట్ నెలాఖరులోగా పంపమనీ రాశావు. పాప కడుపులో ఉన్నప్పుడు డాక్టరు మంచం దిగొద్దంటే, ఆ మూడు నెలలూ పడుకునే ఉండి, ఆ ఆటలో నువ్వు కట్టుకున్న ఊరు దానికి చూపిస్తానన్నావు. పంపుతాను. ఎందుకు పంపను? అరువు తెచ్చుకున్నది తిరిగివ్వడం, ఆటలు ఇచ్చిపుచ్చుకునే మా సంఘం మొదటి సూత్రం.

అసలు అన్యాయం విను. ఆ ఆట తయారుచేసిన కంపెనీ వాళ్లు నీ ఆటనీ, ఇంకో రెండు పాత ఆటల్నీ ఒకే డబ్బాలో పెట్టి మళ్లీ అమ్ముతున్నారు. విడిగా ఇవ్వరట! ఒకటి కావాలన్నవాడు మూడూ మోయాలి. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనాలి. నేను ఊరుకుంటానా? ఆటలు కొనకండి, ఇచ్చిపుచ్చుకోండి, సొంతం అనేది ఒక భ్రమ అని కరపత్రం రాసి, పోయిన నెల ఆ డబ్బా అమ్మే కొట్టు ముందే నిలబడి పంచాను. కొట్టాయన బయటికొచ్చి, కొనేవాళ్లకి దారి వదిలి కాస్త నీడలో అరుచుకో నాయనా, గొంతు పోతుంది అన్నాడు. పైగా మంచినీళ్లిచ్చాడు. తాగాను.

మా సంఘంలో అయిదుగురం. ఒక్కో క్యాసెట్‌లో ముగ్గురు ఆడినది మూడు చోట్ల విడివిడిగా సేవ్ చేసుకోవచ్చు కదా, అందులో మొదటి చోటు యజమానిది, ఎవరూ ముట్టుకోరాదు. ఆ నియమం రాసిందీ, క్యాసెట్ల వెనక చీటీలు అంటించిందీ నేనే.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నాను. నీ ఊళ్లో వంతెన అవతల చెట్లు ఏడా, ఎనిమిదా? నీలం తలుపు ఇంటికి కిటికీ ఏ వైపు? కుక్కని ఏమని పిలిచేదానివి? వెంటనే రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు.

మీ తమ్ముడు లోకాన్ని బాగుచేసేలోపు మన క్యాసెట్ తిరిగొస్తుందా అని బావగారు నవ్వారని రాశావు. ఆ నవ్వు మూడు రోజులుగా నా చెవిలోనే ఉంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. నీ ఊరు లేదక్కా. నేనే చెరిపేశాను. కరపత్రం రాసే ఆవేశంలో ఉండి, మధ్యలో కాసేపు ఆడదామని మొదటి చోటే నొక్కాను. పాతది చెరిపెయ్యనా అని అది అడిగింది కూడా. చదవకుండా సరేనన్నాను. క్యాసెట్ బయటికి తీసి తిప్పి చూస్తే, వెనక నా చేతిరాతలో నా నియమం.

ఆ డబ్బా కూడా కొన్నాను. అదే కొట్టులో. ఈసారి దారి నేనే వదులుతాను, లోపలికి రా అన్నాడు కొట్టాయన. నీ ఊరు అందులో ఉంటుందేమోనని పిచ్చి ఆశ. మూడు ఆటలూ కొత్త రంగుల్లో తళతళలాడుతున్నాయి. నీ ఊరు ఉండాల్సిన చోట మాత్రం ఉత్త గడ్డి.

పన్నెండు రోజులుగా నీ క్యాసెట్‌లో, నీ చోటులోనే, గుర్తున్నంత వరకు మళ్లీ కడుతున్నాను. వంతెన దాకా వచ్చి ఆగిపోయాను. కరపత్రంలో భ్రమ అన్న వాక్యం కొట్టేశాను. తిట్టదలుచుకుంటే కరువుదీరా తిట్టు. ఆ తిట్ల మధ్యలో ఎక్కడైనా సరే, చెట్లు ఎన్నో ఒక్క ముక్క రాయి.