ఈసారి కిడ్నీలు నిలిచాయి

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. పరేడ్‌లో బూటు ఒరుసుకుని పడిన పుండు, ఒళ్లంతా విషమెక్కే సెప్సిస్‌గా మారి, వారంలో నిన్ను తీసుకుపోయింది. మందులకు క్రిములు చచ్చాయిగానీ కిడ్నీలు అప్పటికే పాడైపోయాయని డాక్టరు చెప్పిన మాట పట్టుకునే నేను ఈ పరిశోధనలో చేరాను.

మా ల్యాబులో సెప్సిస్ వచ్చిన ఎలుకల్లో సగానికి గాలిలో కొద్దిగా హైడ్రోజన్ కలిపి పీల్పిస్తాం, మిగతా సగానికి మామూలు గాలే. అన్నిటికన్నా తేలికైన వాయువు కాబట్టి కణాల లోపలికి వెళ్లి, అక్కడ పుట్టే విషపదార్థాలను విరిచేస్తుందని మా అంచనా. రెండుసార్లు మంచి ఫలితం వచ్చినా గైడ్ మేడమ్ ఒప్పుకోలేదు. ఇవాళ మూడోసారి, ఏది ఏ ఎలుకదో చెప్పకుండా, కోడ్ నంబర్లు మాత్రమే వేసిన కిడ్నీ స్లైడ్లు ఆవిడ ముందు పెట్టాను. తక్కువ దెబ్బతిన్నవాటిని ఆవిడ ఒక పక్కకు తీశారు. కోడ్ విప్పి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ హైడ్రోజన్ ఇచ్చిన ఎలుకలవే.

"అచ్ఛా, ఠీక్ హై. ఇక పేపర్ రాయి" అన్నారు.

సాయంత్రం ఇందిరాపురంలో వదిన ఇంటికి వెళ్లి చెప్పాను.

"ఇది అప్పుడే ఉంటే మీ అన్నయ్య బతికేవారా?"

"తెలీదు వదినా. ఇంకా ఎలుకల్లోనే చూశాం. మనుషుల దాకా రావాలంటే చాలా ఏళ్లు పడుతుంది."

"పట్టనీ. మొదలైతే పెట్టావుగా. రేపు ఇక్కణ్ణుంచే ల్యాబుకు వెళ్లు, క్యారియర్ కడతాను" అంది.

వదిన డైనింగ్ టేబుల్ మీదే పేపర్ మొదటి పేరా రాసి, నీకిది రాస్తున్నాను.

నీ చెల్లి