గెలిచినవాడే అడగాలి

ఫిబ్రవరి 9

ఇది రాయడం దండగనుకుని రెండుసార్లు కలం మూత పెట్టేశాను. కాఫీ చల్లారిపోయింది, పేపరు చదవబుద్ధి కాలేదు. అందుకని రాస్తున్నాను.

నిన్న పౌరుల సమీక్షా బోర్డు మీటింగు. పోలీసు రూల్సు చదివి ఇది ఉంచండి, ఇది తీసెయ్యండి అని సలహా చెప్పే ఏడుగురిలో నేనొకణ్ణి. జీవితమంతా లిఫ్టులు రిపేరు చేసినవాణ్ణి ఇందులో ఎందుకు వేశారో మేయరుకే తెలియాలి. లైబ్రరీలో కూర్చుని చదివింది తప్ప నాకు వేరే చదువు లేదు.

నిన్నటి గొడవంతా ఒక్క పేరా గురించి. కదులుతున్న కారు మీద పోలీసులు కాల్చకూడదని రూలు. దాని కింద ఒక మినహాయింపు: కారే ఆయుధంలా తన మీదికి వస్తోందని ఆఫీసరుకు అనిపిస్తే కాల్చవచ్చు. తలుపుకి తాళం వేసి, చెవి ఆ తలుపుకే వేలాడదీసినట్టుంది. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఏ కారైనా మీదికే వస్తుంది. నేను చిన్నప్పట్నుంచీ ఎరిగిన వర్లీన్ మేహ్యూ కొడుకు టవారిస్‌ని అలాగే కాల్చి చంపారు. పందొమ్మిదేళ్ళవాడు. ఇప్పుడు వర్లీన్ కూతురు రెనీటా డ్రైవింగు నేర్చుకుంటోంది. ఆ పిల్లకి లైసెన్సు వచ్చేలోగా ఆ ముక్క కొట్టేయించండి ఎజెల్ గారూ, నాకింకేం వద్దు అంది వర్లీన్.

నేనేం చేశాను? మా వైపు నలుగురున్నారని లెక్కేసుకున్నాను. నాలుగో మనిషి డాక్టర్ ఫెన్విక్. ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి వేళయిందని ఊరికే గడియారం చూస్తోంది. లేచి వెళ్ళిపోతుందేమోనని కంగారుపడి, చర్చ చాలు, ఓటుకు పెట్టండి అనేశాను. మా పద్ధతిలో ఆ మాట నెగ్గితే జనం మాట్లాడే వంతు కూడా మూసేస్తారు. వర్లీన్ అప్పటికే మైకు ముందు నిలబడి ఉంది. మనిషికి ఇచ్చే ఆ మూడు నిమిషాల కోసం లాండ్రీలో షిఫ్టు మార్చుకుని వచ్చింది. అధ్యక్షురాలు ప్రూయిట్ సుత్తి కొట్టి, సారీ అమ్మా, కూర్చోండి అంది.

డాక్టరమ్మ అటు ఓటేసింది. మేం ముగ్గురం, వాళ్ళు నలుగురు.

ఫిబ్రవరి 10

వర్లీన్ ఫోను ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 13

రూల్సు పుస్తకం మళ్ళీ చదివాను. ఓడిన విషయం ఏడాది దాకా బోర్డు ముందుకు రాకూడదు. ఒక్కటే సందు: వచ్చే మీటింగులో, గెలిచిన వైపు ఓటేసినవాళ్ళలో ఎవరైనా లేచి, మళ్ళీ ఆలోచిద్దాం అనాలి. ఓడినవాడు అనకూడదు.

మా పెదనాన్న పేకాటలో ఇదే న్యాయం. ఇంకో ఆట అని గెలిచినవాడే అనాలి, ఓడినవాడు అడిగితే అది ముష్టి అనేవాడు. ఆయన గెలిచాక ఇంకో ఆట అన్న పాపాన పోలేదు. ఒకసారి మా పెద్దమ్మ వేయించిన చేపలన్నీ పందెంలో గెలిచి, ఆడినవాళ్ళందరూ చూస్తుండగా ఒక్కడే కూర్చుని తిన్నాడు. సరే, ఆ కథ ఇక్కడ ఎందుకు.

డాక్టరమ్మని అడిగాను. ఒకసారి వేసిన ఓటు నేనే తిరగదోడితే నన్నెవరు నమ్ముతారు పెద్దాయనా అంది. మరో ఇద్దరు మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేశారు.

మిగిలింది హార్లన్ స్టకీ. రిటైరైన షెరిఫ్ డిప్యూటీ, అంటే ఒకప్పటి పోలీసు. నా ఎదుటి కుర్చీలో కూర్చుని ఇన్నాళ్ళలో నాతో మాట్లాడింది వాతావరణం గురించే.

ఫిబ్రవరి 15

లాండ్రీకి వెళ్ళి వర్లీన్‌ని క్షమించమన్నాను. చేతిలో పని ఆపలేదు. నా మూడు నిమిషాలూ మీరే మింగేశారు, ఇప్పుడీ క్షమాపణ తెచ్చారు, దీన్నేం చేసుకోను, ఇస్త్రీ చెయ్యనా అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. అది నవ్వలేదు.

వెళ్ళబోతుంటే వెనక నుంచి, రెనీటా పరీక్ష ఏప్రిల్లో అంది.

ఫిబ్రవరి 20

స్టకీ ఇంట్లో లేడు. సరస్సు మీద ఉన్నాడంది భార్య. గడ్డకట్టిన నీటి మీద చెక్కగది పెట్టుకుని, మంచుకి కన్నం చేసి, అందులో గాలం వేసుకుని కూర్చున్నాడు. మా నల్లవాళ్ళు ఇలాంటి పని చెయ్యరు. నీళ్ళ మీద నడవడం ఏసుప్రభువు ఒక్కడికే చెల్లిందని మా అమ్మ అనేది. అయినా నడిచాను. అడుగు వేసినప్పుడల్లా కింద ఏదో మూలిగింది.

రావయ్యా, తలుపెయ్యి, వేడి పోతోంది అన్నాడు. వచ్చిన పని చెప్పాను. గాలం పైకి తీసి ఎర మార్చాడు. తర్వాత తనే చెప్పాడు, సర్వీసులో ఒకసారి ఒక తాగుబోతు నేరుగా తన మీదికే కారు తోలాడట. మరి కాల్చలేదేం అన్నాను.

తీరికేదయ్యా! దూకడమా, తుపాకీ తియ్యడమా? రెండూ ఒక్కసారే ఎవడికి కుదురుతాయి? కందకంలో పడి ప్యాంటు చిరిగింది, మనిషి మిగిలాడు అన్నాడు.

అయితే ఆ మినహాయింపుకి ఎందుకు ఓటేశావు అన్నాను.

వాళ్ళు నావాళ్ళు ఎజెల్ అన్నాడు. ఒక చేపని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. అది ఔనో కాదో తెలియక ఇంటికి తెచ్చి వేయించుకున్నాను.

మార్చి 7

రేపే మీటింగు. స్టకీ ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఇంకోసారి అడిగితే ముష్టి అవుతుంది.

మార్చి 9

నిన్న అజెండా చివరికి వచ్చేసింది. మీటింగు ముగించడానికి ప్రూయిట్ సుత్తి ఎత్తింది. అప్పుడు స్టకీ గొంతు సవరించుకుని, గెలిచినవాళ్ళలో ఒకణ్ణి, మళ్ళీ ఆలోచిద్దాం అంటున్నాను అన్నాడు. వెనక వరసలో కూర్చున్న పోలీసులు ఆయన వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆయన మాత్రం వాళ్ళ వైపు తిరగలేదు.

వర్లీన్‌కి మైకు దొరికింది. ఏడవలేదు. కాగితం లేదు. మీరు కారుని ఆయుధం అని రాసుకున్నారు అంది. నా బిడ్డ ప్రాణం పోయాక కూడా ఆ కారు టైర్ల షాపు గోడ దాకా వెళ్ళింది. అప్పుడు ఆ ఆయుధం ఎవరి చేతిలో ఉన్నట్టు? దారిలో ఎవరి పిల్లలైనా ఉంటే? అని అడిగి, జవాబు కోసం మా ఏడుగురినీ ఒక్కొక్కరినే చూసింది. మూడు నిమిషాలూ వాడుకోలేదు.

ఐదుగురం ఇటు, ఇద్దరు అటు. డాక్టరమ్మ కూడా ఇటే. మినహాయింపు కొట్టేశాం.

మార్చి 26

పోలీసు చీఫ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. బోర్డు సలహా అందినది. ధన్యవాదములు. మినహాయింపు యథాతథంగా కొనసాగును.

మా చేతిలో ఉన్నది సలహా ఒక్కటే. ఈ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసినా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్టకీ ఫోను చేసి, విన్నావా అన్నాడు. విన్నాను అన్నాను. పాత పోలీసు స్నేహితులు తనని ఆదివారం టిఫినుకి పిలవడం మానేశారట. చేపలున్నాయి, రావయ్యా అన్నాడు.

వర్లీన్‌కి నేనే వెళ్ళి చెప్పాను. విని, చేతిలో ఉన్న దుప్పటిని నాలుగు మడతలు వేసింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ వేసింది.

ఏప్రిల్ 4

రెనీటా పాసైంది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పింది. వర్లీన్ ముందు సీట్లో ఉంది. ఎర్ర లైటు దగ్గర ఆగాం. పక్కన పోలీసు కారు వచ్చి ఆగింది. పచ్చ లైటు పడింది. పోలీసు కారు వెళ్ళిపోయింది. రెనీటా కదల్లేదు. వెనక హారన్లు కొట్టారు. లైటు మళ్ళీ ఎర్రబడింది.