యాదమ్మ అడిగిన పాట

కోకాపేట,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టికి అక్క దీవెనలతో రాసే సంగతులు.

ఇక్కడ నేను, అనూష, అల్లుడు బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదిగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? పిన్నికి ఆయాసం ఎలా ఉంది? ఒక్కొక్కరి గురించీ విడివిడిగా రాయి. "అందరం బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను.

నా గురించి బెంగపెట్టుకోకు. వచ్చిన కొత్తలో ఈ ఇరవయ్యో అంతస్తులో పగలంతా గోడలతో మాట్లాడుకునేదాన్ని, నిజమే. కూతురూ అల్లుడూ పొద్దున్నే రాయదుర్గం ఆఫీసులకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఇప్పుడు అలా లేదులే. లింగంపల్లిలో యాదమ్మ అనే ఆవిడ కుట్టు సెంటరు నడుపుతోంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్ళి అక్కడే అలవాటుపడ్డాను. గుండీలు కుడుతూ వాళ్ళ మధ్య కూర్చుంటాను. బడిలో పనిచేశానని తెలిసి అందరూ టీచరమ్మా అంటారు. ఆ పిలుపు వింటే ప్రాణానికి హాయి.

ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. అల్లుడు వాసన అంటాడు గానీ కంచం ముందు మొదట కూర్చునేది తనే.

పోయిన నెల జరిగింది చెప్పాలనే అసలు ఈ ఉత్తరం. అనూష స్నేహితుడు కిరణ్ వాళ్ళు దేశదేశాల సంగీతం వాళ్ళని పిలిపించి, పెద్ద హాళ్ళలో కాకుండా బస్తీల్లో, చిన్న ఊళ్ళలో, అక్కడివాళ్ళ సాయంతోనే కచేరీలు పెట్టిస్తుంటారు. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి అమినాత అనే ఆవిడ వస్తోంది, ఓ చోటు చూడండి ఆంటీ అన్నాడు. కుట్టు సెంటరు ఉందిగా అనేశాను. యాదమ్మని అడగనైనా అడగలేదు. సంతోషిస్తుందిలే అనుకున్నాను.

వెళ్ళి చెబితే ఆవిడ మిషన్ ఆపి నా వంక చూసింది.

"మిషన్లు జరపాలె, చాపలు పరవాలె, చాయ్ పెట్టాలె. గంతేనా మా పని? ఆమె పాట మేం వింటం. మా పాట ఆమె వింటదా టీచరమ్మా?"

నాకు కోపం వచ్చింది చిట్టీ. మంచికి పోతే ఇదేం మాట అని చెప్పులేసుకుని వచ్చేశాను. రెండు రోజులు అటు వెళ్ళలేదు. మూడో రోజుకి సిగ్గేసింది. అన్నదాంట్లో తప్పేముంది? ఇన్నాళ్ళ నుంచి పక్కన కూర్చుంటున్నాను, మీరేం పాడతారని నేనూ అడిగిన పాపాన పోలేదు.

కిరణ్‌కి చెప్పాను. "ప్రోగ్రామ్ గంటే ఆంటీ, టైమ్ సరిపోదు" అన్నాడు.

"అయితే వేరే చోటు చూసుకో నాయనా" అన్నాను. దాంతో వాళ్ళూ పాడడానికి ఒప్పుకున్నాడు.

యాదమ్మ దగ్గరికెళ్ళి తప్పు నాదే అన్నాను. "ఇగ పోనీయిండ్రి, కూసోండ్రి" అని స్టూలు జరిపింది.

కచేరీ రోజు ఒకటే వాన. అయినా సెంటరు నిండిపోయింది. అమినాత వాయించేదాన్ని కోరా అంటారట. పెద్ద బుర్రకి తోలు బిగించి ఇరవయ్యొక్క తీగలు కట్టారు. "అవ్వో, గిది సోరకాయ బుర్ర గదా!" అని ఆడవాళ్ళు ఒకటే నవ్వు. కిరణ్ ఇంగ్లీషులో చెబితే ఆవిడా నవ్వింది. ఎంత చక్కగా వాయించిందో! వాన చప్పుడు కూడా మరిచిపోయాం.

తర్వాత వీళ్ళు నాట్ల పాట ఎత్తుకున్నారు. కోరా కలిసింది గానీ పాట ఒక దారి, తీగలు ఒక దారి. యాదమ్మ మధ్యలోనే ఆపేసింది. "మా పాట ఉరకది తల్లీ. వంగి నడుస్తది."

కిరణ్ గడియారం చూసుకుంటున్నాడు. అమినాత మాత్రం కోరాని చాప మీద పెట్టి, వచ్చి యాదమ్మ పక్కన కూర్చుని అరచెయ్యి చాపింది. యాదమ్మకి అర్థమైంది. ఆ అరచేతిలో తాళం వేస్తూ పాట మొదటినుంచీ చివరిదాకా పాడింది. అప్పుడు మళ్ళీ కోరా తీసుకుంది అమినాత. ఈసారి పాట ముందు నడిచింది, తీగలు వెనకాల వచ్చాయి, నాటేవాళ్ళ కాళ్ళ వెంట మడిలో నీళ్ళు కదిలినట్టు. గంటన్నది రెండు గంటలు దాటింది. చివరికి కిరణే అందరికీ చాయ్ పోశాడు.

వాళ్ళు వెళ్ళాక యాదమ్మ నన్ను పట్టుకుంది. "అందరం పాడినం. నువ్వే పాడలే. మీ దిక్కు పాటేంది?"

నోరు తెరిచాను. బడిలో నేర్పినవన్నీ పుస్తకాల్లో పాటలే. మనది అనుకోదగ్గది ఒక్కటే గుర్తొచ్చింది. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ పాడేది చూడు, అది. వరస వచ్చేసింది. రాయి కనిపిస్తే ఎక్కడ ఆగేదో అదీ వచ్చింది. మాటలు మాత్రం ఒక్కటీ రాలేదు చిట్టీ. ఉత్త రాగం తీశాను, కళ్ళనీళ్ళతో. ఎవరూ నవ్వలేదు. "మాటలు దొరికేదాక గిట్లనే పాడుదం" అని యాదమ్మ గొంతు కలిపింది.

నువ్వు అమ్మ దగ్గర నాకంటే ఎక్కువ ఏళ్ళున్నావు, నీకు వచ్చే ఉంటుంది. ఫోన్లో చెప్పకు, రాసి పంపు. కాస్త పెద్ద అక్షరాలతో రాయి, యాదమ్మకి చూపు ఆనదు. నీకూ రాకపోతే పిన్ని దగ్గర కూర్చుని అడుగు. తొందర పెట్టకు, ఆవిడకి ఎంత గుర్తొస్తే అంతే రాసుకో.

పిన్ని పాదాలకి నా నమస్కారం, నన్ను దీవించమను. మరిదిగారిని అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

నిన్నెప్పుడూ తలుచుకునే
నీ అక్క,
సరోజిని